బుడంకాయ చేసిన తప్పేమిటి?

"ముద్ద మింగుతావా, సూది వేయించమంటావా?"

అయ్యా, అమ్మా, ఈ మాట వినబడని ఇల్లుందా? మనం చెప్పుకునే ఇంట్లో ఇది నానమ్మ మాట. ఐదేళ్ల మనవరాలిని అందరూ బుడంకాయ అని పిలిచేవారు. నిద్రపోకపోతే సూది, చెప్పులు దాస్తే సూది, ఎదురు చెబితే పెద్ద సూది. పిల్ల గుటుక్కున మింగేసేది. అమ్మా నాన్నా నవ్వుకునేవారు. పని జరుగుతోంది కదా, ఇక ఆలోచన ఎందుకు?

తమాషా ఏమిటంటే, నానమ్మకే సూదంటే హడల్. షుగర్ పరీక్షకు రమ్మంటే చాలు, ఆవిడకు ఎక్కడలేని పనీ గుర్తొచ్చేది.

ఒక ఆదివారం బుడంకాయ మేడమెట్ల మీద జారి మోకాలు చీరుకుంది. ఆసుపత్రిలో కుట్లు వేయాలన్నారు. ట్రే చప్పుడు వినగానే పిల్ల బిక్కచచ్చిపోయి తల్లి మెడను కరుచుకుంది.

"నేనేం తప్పు చేశానమ్మా? పొద్దున మొత్తం తినేశాను కదా! చెప్పులు కూడా దాయలేదు! నానమ్మా, నువ్వైనా చెప్పు!"

నానమ్మ కొంగుతో పిల్ల కళ్లు తుడిచింది.

కాలు అదిమి పట్టడానికి తండ్రి ముందుకొచ్చాడు. "అసలు నొప్పే ఉండదు తల్లీ" అన్నాడు.

"ఆగండి" అంది డాక్టరమ్మ. "అబద్ధం చెప్పి, అదిమి పట్టి కుట్టేస్తే ఇవాళ్టికి గండం గడుస్తుంది. రేపట్నుంచి ఈ పిల్ల మనల్నెవర్నీ నమ్మదు."

గాయానికి తిమ్మిరి మందు పూసి, అది పనిచేసేదాకా పక్కనే కూర్చుంది.

"నువ్వేం తప్పు చేయలేదు బంగారూ. చర్మం చిరిగింది, కుట్టాలి. కాస్త చురుక్కుమంటుంది, తర్వాత లాగినట్టుంటుంది. ఏడుపొస్తే ఏడువు, కాలు మాత్రం కదపకు. అమ్మ ఒళ్లో కూర్చుంటావా, మంచం మీదా?"

"అమ్మ ఒళ్లో."

నర్సు సబ్బు బుడగల సీసా చేతికిచ్చింది. బుడంకాయ ఊదింది. మధ్యలో "అబ్బా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది, మళ్లీ ఊదింది. ఓ బుడగ డాక్టరమ్మ ముక్కు మీద టప్పున పగిలేసరికి కిలకిలా నవ్వేసింది. అప్పటికి కుట్లు పూర్తయ్యాయి.

కుట్లు విప్పించుకునే రోజున బుడంకాయ తనే ముందు నడిచింది. ఆ పని ఇట్టే అయిపోయింది. ఈసారి షుగర్ పరీక్షకని కుర్చీలో నానమ్మ కూర్చోవలసి వచ్చింది. ఏ సాకూ దొరక్క ఆవిడ చెయ్యి చాపింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

బుడంకాయ బుడగల సీసా ఆవిడ ఒళ్లో పెట్టింది. "కాస్త చురుక్కుమంటుంది నానమ్మా. ఏడుపొస్తే ఏడువు. నువ్వేం తప్పు చేయలేదులే."

నానమ్మ కళ్లు చెమర్చాయి. మనవరాలిని దగ్గరకు లాక్కుంది.

"చేశాను తల్లీ. నయం చేసే సూదిని నీకు శిక్షగా చూపించాను. పిల్లలకు నిజం చెప్పి ధైర్యమివ్వాలి గానీ, వైద్యాన్ని బూచిని చేసి భయపెట్టకూడదు."