రేవు మూసే రోజు

మధ్యాహ్నం రెండింటికి గదుల తాళాలన్నీ మేకులకు తగిలించి, షబ్బీర్ కంప్యూటర్ మీది తువ్వాలు తీశాడు. గవర్నర్‌పేటలోని ఆ లాడ్జికి భోజనాల వేళ ఎవరూ రారు. ఫ్యాను కిర్రుమంటుండగా తెర మీద పొగమంచు మెల్లగా విచ్చుకుంది. ఏరు, రేవు, రేవులో అతని పడవ.

యాభై ఒక్కేళ్ల మనిషి. బట్టతల, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, ఇరవై ఏళ్లుగా అదే కౌంటరు. లోకమంతా కంప్యూటర్లలో కలిసి ఆడే ఆ ఆటలో అందరూ రాక్షసుల్ని చంపుతుంటే, షబ్బీర్ పదకొండేళ్లుగా జనాన్ని ఏరు దాటిస్తున్నాడు. రెండేళ్లకోసారి ఆటను పెంచే ఎక్స్‌పాన్షన్ ప్యాక్ వచ్చేది. కొత్త ఖండం, కొత్త కత్తులు. అందరూ వేలంవెర్రిగా అటు పరుగెత్తేవాళ్లు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి ఏరు చాలదూ? షబ్బీర్ కదలలేదు.

ఈసారి ప్యాక్ అలా వదిలేది కాదు. ఇవాళ మూడు దాటాక అది వేసుకోనివాళ్లకు ఆటలోకే దారి లేదు. లాడ్జి కంప్యూటర్ దాన్ని మోయలేదు. సొంతానికి కొనే స్తోమత అతనికి లేదు. ఓనరు రామకోటేశ్వరరావు గారిని కొత్తది అడిగితే, "రిజిస్టర్ రాసుకోడానికి అంత మిషనెందుకయ్యా షబ్బీరూ!" అని నవ్వేశారు.

ఆట పోతే పోయింది. ఆమె కనబడదే, అదీ అతని దిగులు.

ఆటలో ఆమె వైద్యురాలు, పేరు తెల్లకొంగ. రోజూ మందుల సంచితో పడవెక్కి, అవతల ఏదో పని చూసుకుని అదే పడవలో తిరిగొచ్చేది. అసలు పేరేమిటో, ఏ ఊరో తెలియదు. ఆడమనిషిని పేరడగడం మర్యాద కాదని అడగలేదు. నోట్లో 'అండీ' ఉండగా పేరుతో పనేముంది? పులుసులో ఉప్పెక్కువైందని, మోకాళ్లు నొప్పులని, పదకొండేళ్లు అండీల మీదే వెళ్లిపోయాయి. ఇవాళ అడిగి తీరాలి.

ఆమె వచ్చింది. పడవ కదిలింది. తెర అడుగున ఆమె మాటలు పడ్డాయి.

"కొత్త ప్యాక్‌లోకి మీరు రావట్లేదా అండీ?"

"మా కంప్యూటర్ ముసలిదైపోయిందండీ."

పడవ ఏటి నడుమకు చేరింది.

"మీరూ వస్తారనే కొత్తది కొన్నానండీ, మా హనుమాన్ జంక్షన్‌లో."

షబ్బీర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఏ బొంబాయిలోనో ఉందనుకున్న మనిషి గంట బస్సు దూరంలో ఉంది! గబగబా టైపు చేశాడు: "మాది బెజవాడేనండీ. ఏమీ అనుకోకపోతే మీ పేరు"

"ఏవండీ, రూమ్ ఉందా?"

కౌంటరు ముందు ముసలి దంపతులు, గుణదల ఉత్సవానికి వచ్చినవాళ్లు. ఆవిడ గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా?

"ఉందండీ, ముందు కూర్చోండమ్మా."

నీళ్లిచ్చాడు. ఇద్దరి పేర్లూ అడిగి రిజిస్టర్‌లో రాశాడు. సంచులు మోసుకెళ్లి గది చూపించి, మెట్లు రెండేసి చొప్పున దిగివచ్చాడు.

అతని ప్రశ్న ఆమెకు చేరకుండా సగంలోనే ఆగి ఉంది. పడవ అవతలి ఒడ్డుకు చేరింది. ఆమె లేదు. చివరి మాట మాత్రం ఉంది.

"ఈ ఒడ్డున నాకెప్పుడూ ఏ పనీ లేదండీ. వెళ్తున్నాను."

షబ్బీర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయినా తెర మసకగానే ఉంది. మూడైంది. ఏరు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఖాళీ పడవలో, రోజూ ఆమె కూర్చునే బల్ల మీద, మూతి ముడి వేసిన మందుల సంచి.