ఏడో బార్ దగ్గర

మా బావ పాటలు పాతబడ్డాయా లేదా అని లోకమంతా నన్నే అడుగుతుంది. అడగడం కూడా కాదు, తీర్పు వాళ్ళే చెప్పేసి నాచేత తలూపించుకోవాలని చూస్తారు. మొన్న పళ్ళ డాక్టరు నా నోట్లో అద్దం, గొట్టం, రెండు వేళ్ళు పెట్టి మరీ, "మీ బావగారి పాత పాటలు పాటలండీ, ఇప్పటివాటిలో ఆ పస లేదు," అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. నోరు తెరిచి కూర్చున్నవాడు ఇంకేమంటాడు? నేను ఒప్పుకున్నానని సంబరపడిపోయి ఆయన నా పన్ను మీద ఇంకాస్త గట్టిగా పడ్డాడు.

మా అక్క మొగుడు సినిమాలకి సంగీతం కట్టడం మొదలుపెట్టి నలభై మూడేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళుగా నేను ఆయన దగ్గర వయొలిన్ల లీడర్ని. అంటే పదకొండు వయొలిన్లలో మొదటి కుర్చీ నాది. నా విల్లు ఎటు పోతే మిగతా పదీ అటే పోతాయి. ఇంట్లో ఆయన నాకు బావ, స్టూడియోలో మాత్రం అందరితో పాటు నాకూ మాస్టారే.

ఆ డాక్టరు మీద నాకు అంత కోపం రావడానికి అసలు కారణం చెప్పేస్తాను. లోలోపల నాకూ అలాగే అనిపిస్తోంది. బావ పొద్దున్నే ఏ వాయిద్యమూ ముట్టుకోకుండా, కాఫీ చల్లారేలోపు పాట మొత్తం కాగితం మీద రాసి తెస్తాడు. మేం అప్పటికప్పుడు చూసి వాయిస్తాం. పాటని గీతలు గీసి గదులుగా విడదీస్తారు కదా, ఒక్కో గదిని బార్ అంటాం. మొదటి నాలుగు బార్లు వాయించగానే తరవాతి నాలుగు ఎలా ఉంటాయో మాకు తెలిసిపోతుంది. ఏడో బార్‌లో పాట ఒక్కసారి పైకి లేస్తుంది. అది మా బావ సంతకం. దానికోసమే ఒకప్పుడు జనం వెర్రెత్తిపోయారు. నా పక్క కుర్చీలో కూర్చునే ఆయన్ని మేం 'తొందర' అంటాం, అన్నీ అర క్షణం ముందే వాయిస్తాడని. ఆయనైతే ఈ మధ్య, "కాగితం దేనికి దండగ, నేను నిద్రలో వాయించేస్తా," అని జోకులు. మేం కిసుక్కుమని నవ్వుకునేవాళ్ళం. నవ్వాక కాస్త దిగులేసేది.

ఇప్పుడు చేస్తున్న సినిమాకి డైరెక్టరు నా కూతురి ఈడు పిల్ల. ఊయల్లో ఉన్నప్పటి నుంచీ బావ పాటలు వింటూ పెరిగిందట. మూడు పాటలు కావాలంది. మొదటిది రికార్డు చేసి వినిపిస్తే, "చాలా బాగుంది సార్. మీ పాత పాటలాగే ఉంది," అంది. రెండోదానికీ అదే మాట. పొగిడిందో, పెదవి విరిచిందో మాకెవరికీ అంతుపట్టలేదు. బావకి మాత్రం పట్టింది. ఆ రోజు ఇంట్లో భోజనం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "గురువారం మూడోది. అదీ పాతదే అందంటే, నేనింక కాగితం ముట్టుకోను. నలభై మూడేళ్ళు చాలు," అన్నాడు. అరిచి ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మామూలుగా, మందుల షాపుకి వెళ్ళొస్తానన్నట్టు అన్నాడు.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఒరేయ్, ఆయన ఆ కాగితం ముట్టుకోకపోతే ఈ ఇంట్లో నేను వేగలేను. పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? నా వంటలో తప్పులు వెతుకుతాడు."

"నేనేం చెయ్యను అక్కా?"

"నిజం చెప్పు. ముప్పై ఏళ్ళుగా ఏది రాసినా 'అద్భుతం బావా' అంటూ వచ్చావు. ఈసారి బాగుంటే బాగుందను, లేకపోతే ఎక్కడ బాలేదో ఆయన మొహం మీదే చెప్పు. పరాయివాళ్ళ నోట వినడం కంటే అది నయం."

మాటిచ్చాను. ఇచ్చాక మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

గురువారం పొద్దున పదింటికి అందరం కుర్చీల్లో కూర్చున్నాం. చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా స్టాండ్లు, స్టాండ్ల మీద బావ రాసిన కాగితాలు. అద్దం అవతలి గదిలో రికార్డిస్టు, ఆయన పక్కన డైరెక్టరమ్మాయి. బావ చెయ్యెత్తాడు, మేం ఎత్తుకున్నాం. హాయిగా సాగిపోయింది. ఏడో బార్‌లో పాట పైకి లేచింది. తొందర నావైపు చూసి కన్ను గీటాడు. అద్దం అవతల ఆ అమ్మాయి మర్యాదగా నవ్వుతోంది. మొదటి రెండు పాటలకీ నవ్వింది ఆ నవ్వే.

"బాగానే ఉంది," అన్నాడు బావ, గొంతులో పస లేకుండా. "ఇంకోసారి వాయించి రికార్డు చేసేద్దాం."

అక్కకి మాటిచ్చాను కదా. తీర్పు చెప్పాలంటే ముందు సరిగ్గా చూడాలి కదా. అందుకని రెండోసారి నేను కాగితం మీంచి చూపు తిప్పకుండా వాయించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అలా వాయించి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఆరో బార్ అయింది. ఏడో బార్‌లో నా చెయ్యి పైకి పోయింది. కళ్ళు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి.

అక్కడ పాట పైకి లేవడం లేదు. ఒక తాళం దెబ్బ మేర అసలేమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీ తరవాత పాట మెల్లగా కిందికి దిగుతోంది, ఎవరో చెప్పబోయిన మాట మింగేసి ఇంకో మాట చెప్పినట్టు.

నేను తల కొట్టేసినట్టయి విల్లు దించేశాను. నేనాగితే అందరూ ఆగారు.

"ఏమైంది?" అన్నాడు బావ.

"బావా," అన్నాను. స్టూడియోలో ఎప్పుడూ అలా పిలవలేదు. పదిమందీ నావైపు తిరిగారు. "మీరు రాసింది ఇది కాదు. ఏడో బార్ మేం తప్పు వాయిస్తున్నాం. నేను తప్పు వాయిస్తున్నాను, వీళ్ళు నా వెంట వస్తున్నారు."

పదకొండు తలలు కాగితాల మీదికి వంగాయి. తొందర నాలుక కరుచుకున్నాడు. నాకు ఇంకో అనుమానం వచ్చింది. స్టాండు కింద ఉన్న నా సంచిలోంచి మొదటి రెండు పాటల కాగితాలు తీసి చూశాను. అనుమానం నిజమే. ఒకదాంట్లో ఐదో బార్, రెండోదాంట్లో మళ్ళీ ఏడోదే. ఆయన కొత్త దారి రాశాడు, మేం పాత దారిలో నడిచాం. పాడినవాళ్ళు మా వయొలిన్లు విని మా దారినే పాడారు. పాతబడింది మా చేతులు. ఊరందరి చేతా మాట పడింది మాత్రం ఆయన.

"మీకు వినపడలేదా బావా?" అన్నాను. "వినపడితే మొదటిరోజే ఎందుకు ఆపలేదు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వినపడింది. పదకొండు మంది, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, ఒకేలా వాయిస్తే... నేనే తప్పు రాశానేమో అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. వయొలిన్ మళ్ళీ గడ్డం కింద పెట్టుకుని తల వంచేశాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సరే, ఇప్పుడు కాగితంలో ఉన్నది వాయిద్దామన్నాం. వాయిస్తే ఒట్టు! మూడోసారి నేను దిగాను, తొందర ఎక్కాడు. నాలుగోసారి తొందర దిగాడు, వెనక వరస ఎక్కింది. ఐదోసారి ఖాళీలో ఎవరి విల్లో కీచుమంది. బావకి కోపం రావాల్సింది పోయి హుషారొచ్చింది. "విల్లులు కింద పెట్టండి. అందరూ పాడండి. మీ చేతులకి అలవాటుంది గానీ మీ గొంతులకి లేదు," అన్నాడు.

పాడాం. మా గొంతుల సంగతి దేవుడికే తెలియాలి. తొందర అక్కడ కూడా అర క్షణం ముందే ఎత్తుకున్నాడు. అద్దం అవతల డైరెక్టరమ్మాయి బల్ల మీద తలవాల్చి నవ్వుతోంది. రికార్డిస్టు కుర్చీ తిప్పేసి గోడవైపు కూర్చున్నాడు. పది నిమిషాలు అలా గోల చేశాక మళ్ళీ విల్లులు తీసుకున్నాం. ఏడో బార్ వచ్చింది. పదకొండు విల్లులూ గాల్లో ఆగాయి. గదిలో మాకు మా ఊపిరే వినపడింది. తరవాత పాట కిందికి దిగింది, నెమ్మదిగా.

ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నాను, నా ఒళ్ళు జలదరించింది.

అద్దం అవతల నవ్వు లేదు. తలుపు తోసుకుని ఆ అమ్మాయి మా గదిలోకే వచ్చేసింది. ఈసారి బాగుందని అనలేదు. "సార్, అక్కడ... అక్కడేం జరిగింది? ఇంకొక్కసారి వినిపిస్తారా?" అంది. రెండుసార్లు విన్నాక, మొదటి రెండు పాటలు కూడా కాగితంలో ఉన్నట్టే మళ్ళీ చేయమని బతిమాలింది.

"సోమవారం," అన్నాడు బావ. "వీళ్ళకి గొంతులు బాగుపడాలి కదా."

మేం పెట్టెలు సర్దుకుని రికార్డిస్టు గదిలోకి వచ్చేసరికి అక్క ఫోను.

"ఏమన్నావురా ఆయన్ని?"

"నిజమే చెప్పానక్కా. తప్పు మాదని చెప్పాను."

"ఏమన్నాడు? బయల్దేరాడా?"

అద్దంలోంచి లోపలికి చూశాను. ఖాళీ కుర్చీల మధ్య బావ ఒక్కడే కూర్చుని, నా స్టాండు తనవైపు తిప్పుకుని, తెల్లకాగితం మీద గీతలు గీస్తున్నాడు.

"లేదు. ఇంకోటేదో రాస్తున్నాడు. భోజనానికి ఆలస్యమయ్యేలా ఉంది."

తిడుతుందేమోనని ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాను.

"కానీలేరా," అంది అక్క. "ఎంత ఆలస్యమైతే అంత కానీ."