చైనా గ్రాస్ గిన్నెలు

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో కమలను కాలేజీ మాన్పించారు. హన్మకొండలో కిరాణా దుకాణం నడిపే తండ్రి సాంబయ్యకు ఎవరో చెప్పారు, బస్టాపులో ఒక పిల్లగాడు ఆమెతో మాట్లాడాడని. ఆ పిల్లగాడు అడిగింది హసన్‌పర్తి బస్సు పోయిందా అని మాత్రమే. అయినా ఆమె మళ్లీ గడప దాటలేదు.

"సదువు యాడికి పోతది బిడ్డా, ఇంట్లనే సదువుకో" అన్నాడు సాంబయ్య.

కమల ఆ మాటే పట్టుకుంది. సైన్సు పుస్తకంలో సూక్ష్మజీవులను పెంచే ప్రయోగం ఉంది. దుకాణంలో అమ్మే, నీళ్లను గడ్డకట్టించే చైనా గ్రాస్‌ను ఆలుగడ్డలు ఉడికిన నీళ్లలో, చక్కెర వేసి మరిగించింది. మసిలే నీళ్లలో కడిగిన గిన్నెల్లో పోసి, గడ్డకట్టాక మూతలు పెట్టింది. దూది పట్టుకుని ఇల్లంతా తిరిగింది. తలుపు గొళ్లెం, దేవుడి గూడు, తాగే నీళ్ల కుండలో ముంచే చెంబు, ఒక్కోదాన్ని తుడిచిన దూదిని ఒక్కో గిన్నెలో రాసింది. తిరగడానికి ఇంకేమీ మిగల్లేదు, ఇల్లు అంతే. ఒక గిన్నెను మాత్రం దేన్నీ తాకించకుండా ఉంచింది.

రోజూ పొద్దున్నే గిన్నెల దగ్గరికి పరుగెత్తేది. ఆ ఇంట్లో తెల్లారేసరికి మారేవి అవి మాత్రమే.

చెంబు గిన్నెలో జిగట మచ్చలు కమ్ముకుని కంపు కొట్టింది. ఏమీ తాకించనిది తేటగానే ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తండ్రి ముందు రెండూ పెట్టింది.

"బాపూ, అందరం చెయ్యి పెట్టి ముంచే చెంబుల కెళ్లి వచ్చినయి ఈ క్రిములు. నాయినమ్మకు విరేచనాలు గందుకే తగ్గుతలెవ్వేమో. ఇగ నుంచి నీళ్లు కాగబెట్టి తాగుదాం."

సాంబయ్య ముక్కు మూసుకున్నాడు. కానీ మాట విన్నాడు. కాచిన నీళ్లు తాగుతూ నాయనమ్మ చిలుకమ్మ మెల్లగా కోలుకుంది. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ సాంబయ్య గొప్పగా చెప్పుకున్నాడు. పక్కింటి శకుంతల తన ఇంటి చెంబు తెచ్చి, "జర మాది గుడ సూడు బిడ్డా" అంది.

అదే అదను అనుకుంది కమల. ఆ సాయంత్రం తండ్రికి చాయ్ ఇస్తూ అడిగింది.

"బాపూ, మళ్ల కాలేజీకి పోత. ఆడ మైక్రోస్కోపు ఉంటది."

సాంబయ్య మురిపెంగా నవ్వాడు.

"ఇంట్ల ఉండే గింత నేర్సినవ్. ఇంక కాలేజీ ఎందుకు బిడ్డా?"

వంటింట్లో నీళ్లు మసులుతున్న చప్పుడు వినబడింది. కమల వెళ్లి స్టవ్వు తగ్గించింది.