మానేశానని రాయను

జబ్బు సంగతి చెప్పిన చోట పని దొరకదనీ, చెప్పని చోట దొరుకుతుందనీ కత్తెరమ్మ నలభై మూడో ఏట తెలుసుకుంది. మొదటి మూడు కార్ఖానాల్లోనూ ఆమె నిజమే చెప్పింది. ఒకచోట కబురు చేస్తామన్నారు. ఇంకొకచోట అయ్యో పాపమని కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, వీధి మలుపు దాకా సాగనంపారు. మూడోచోట గుమాస్తా అది అంటుకునే జబ్బా అని అడిగాడు. కాదని విన్నాక కూడా తన కలాన్ని ఆమె వేళ్ళకు అందనంత దూరం జరుపుకున్నాడు. నాలుగోచోట ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఎనిమిది పొరల బట్ట మీద సుద్దతో కోటు చెయ్యి గీసి, గీత చెదరకుండా కోసి చూపించింది. మర్నాటి నుంచి రమ్మన్నారు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆమెకు ఆ పేరు వచ్చిందే దానివల్ల.

జబ్బు పెద్దపేగులో ఉంది. అక్కడ పుండ్లు పడతాయి, మానతాయి, మళ్ళీ పడతాయి. "పోయేది కాదమ్మా, దీన్ని పెట్టుకునే బతకాలి" అని డాక్టరు మొదటి రోజే తేల్చేశాడు. మందులు వేసుకుంటే అది నెలల తరబడి పడుకుని ఉంటుంది. లేచిన రోజున మాత్రం పిలుపుకూ పరుగుకూ మధ్య రెండు నిమిషాల వ్యవధి కూడా ఇవ్వదు. ఊరు అందరికీ వీధులుగా, దుకాణాలుగా తెలిస్తే ఆమెకు మరుగుదొడ్లుగా తెలుసు. బస్టాండు వెనక ఉన్నదానికి గొళ్ళెం లేదు. పెట్రోలు బంకులో ఉన్నదానికి తాళంచెవి అడిగి తీసుకోవాలి. బ్యాంకులోది శుభ్రంగానే ఉంటుంది గానీ, కాపలావాడి ముందు ఖాతా ఉన్న మనిషిలా ముఖం పెట్టుకుని నడవాలి.

పనికి వెళ్ళే రోజు మధ్యాహ్నం దాకా ఆమె ఏమీ తినదు. ఇంట్లో రెండు గదులు, ఇద్దరు మనుషులు: ఆమె, ఆమె అత్తగారు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది.

"ఇంత తిని పోవే. గాలి పీల్చి బట్ట కోస్తావా?" అనేది అత్తగారు రోజూ.

"తింటే లోపలాయన ఊరుకోడు అత్తయ్యా."

"నా కొడుకున్నప్పుడు కూడా నువ్వు ఇంతలా ఎవరికీ భయపడలేదు."

కార్ఖానాలో బట్ట కోసే గది పొడుగ్గా, ఒకవైపే కిటికీలతో ఉంటుంది. అందులో ఎనిమిది మంది పనివాళ్ళు, ఒక్క టోకెన్. టోకెన్ అంటే అరచేయంత చెక్కముక్క. దానికి ఎర్రరంగు పూసి, తాడు కట్టి, తలుపు పక్క మేకుకు వేలాడదీశారు. మరుగుదొడ్డికి వెళ్ళే మనిషి దాన్ని మెడలో వేసుకుని, పక్కనున్న పుస్తకంలో వేళ రాసి వెళ్ళాలి. తిరిగొచ్చాక మళ్ళీ వేళ రాయాలి. టోకెన్ మేకు మీద లేనంతసేపు తక్కిన ఏడుగురూ బిగబట్టుకోవాలి. ఎవరైనా పూటకు ఒక్కసారే. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడు ఆ గది సూపర్‌వైజరు. మణికట్టు వైపు చూడకుండా మాట పూర్తి చెయ్యలేడు గనక చాటున అందరూ అతన్ని గడియారం అంటారు. పశువు మెడలో గంట కట్టేది అది తప్పిపోతే వెతుక్కోవడానికి. మనిషి మెడలో చెక్క కట్టడానికి అంతపాటి కారణం కూడా ఎవరూ చూపించలేదు.

మూడు నెలలు జబ్బు పడుకునే ఉంది. నాలుగో నెలలో, రెండు అంతస్తుల్లో భోజనాల హాళ్ళున్న ఒక పెద్ద హోటలు నుంచి సిబ్బందికి నలభై వెల్వెట్ కోట్లు కావాలని పని వచ్చింది. ముదురు ఆకుపచ్చ. వెల్వెట్ మీద నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. వాలు వెంట నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు. వాలు మారితే రంగు కూడా మారినట్టే కనబడుతుంది. అందుకని మామూలు బట్టలాగా బల్ల ఈ కొస నుంచి ఆ కొసకూ, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకూ మడుస్తూ పరిస్తే కుదరదు. ఒక పొర పరిచి, అక్కడ కోసేసి, బట్ట తానును మొదటి కొసకు మోసుకొచ్చి, ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పరిచే పని బాబాయిది. అరవై దాటిన మనిషి, ఎవరికీ చుట్టం కాకపోయినా అందరికీ బాబాయి.

పన్నెండు పొరలు పడేసరికి కత్తెరమ్మకు లోపలి నుంచి పిలుపొచ్చింది. ఆ పూటకు అది రెండోసారి. ఆమె టోకెన్ మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడేగా వెళ్ళొచ్చారు" అన్నాడు గడియారం.

"మళ్ళీ వెళ్తున్నాను సార్."

"ఏం, అక్కడ చుట్టాలున్నారా?"

ఇద్దరు నవ్వారు. తక్కినవాళ్ళు తలలు వంచుకున్నారు. తమకూ ఎప్పుడో ఆ ప్రశ్న పడుతుందని తెలిసినవాళ్ళు నవ్వరు.

ఆమె తిరిగొచ్చేసరికి నలభై పొరలూ పరచడం అయిపోయింది. బాబాయి గోడకు ఆనుకుని చెమట తుడుచుకుంటున్నాడు. గడియారం ఆమె బల్ల పక్కనే, చెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇరవై రెండు నిమిషాలు" అన్నాడు. కోసేముందు పొరల మధ్య అరచెయ్యి దూర్చి, వాలు ఎటుందో తడిమి చూడటం ఆమె అలవాటు. ఇరవై ఏళ్ళలో ఆ అలవాటు తప్పింది లేదు. ఆ రోజు తప్పింది. పొట్టలో మెలిపెడుతున్న నొప్పి ఒకటి, పక్కన ఊపిరి వినబడేంత దగ్గరగా నిలబడ్డ మనిషి ఒకడు. ఆమె కరెంటు కత్తి అందుకుని గీత వెంట నడిపించేసింది.

మూడో రోజు కుట్టిన కోట్లు కిటికీ ముందు వేలాడదీసినప్పుడు సంగతి బయటపడింది. ఇరవై ఆరు కోట్లు చిక్కని ఆకుపచ్చగా ఉన్నాయి. పద్నాలుగు వెలిసినట్టు ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మెట్ల కింద కుళాయి దగ్గర బాబాయి ఆమెకు ఎదురుపడ్డాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నేనే మడిచి పరిచానమ్మా. నువ్వొచ్చేలోగా పని అయిపోయి ఉంటే వాడు నిన్నేమీ అనడులే అనుకున్నా."

"వెల్వెట్ అని తెలీదా బాబాయ్?"

"తెలుసు. నలభై పొరలకీ తానును మోసుకొస్తే నీ ఇరవై నిమిషాలు సరిపోతాయా? అసలు నా కాళ్ళే ఒప్పుకోలేదు." అతను బూటు విప్పి చూపించాడు. తన పాదానికి రెండు సైజులు పెద్ద బూటు అది. లోపల కట్టు, కట్టు మీద పసుపుపచ్చ మరక. "షుగరు. ఆరేళ్ళయింది. ఇక్కడెవరికీ చెప్పలేదు."

కత్తెరమ్మ ఆ పాదాన్ని చాలాసేపు చూసింది. ఎనిమిది మంది ఉన్న గదిలో ఆరోగ్యాన్ని నటిస్తున్నది తనొక్కతే అనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడింది. ఇప్పుడు సిగ్గు పోయి, దాని స్థానంలో చల్లని కోపం వచ్చి కూర్చుంది.

సాయంత్రం యజమాని పిలిపించాడు. మెత్తని మాట గలవాడు. ఎవరినీ ఎన్నడూ కసిరి ఎరగడు. బల్ల మీద టోకెన్ పుస్తకం తెరిచి ఉంది, ఆమె పేరున్న వరసలన్నిటి కిందా ఎర్ర గీతలున్నాయి. పక్కన టైపు చేసిన కాగితం. గడియారం కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా. మీరు మా ఇంటి మనిషిలాంటివారు. మీకు ఒంట్లో ఏదో బాగోలేదని తెలుస్తూనే ఉంది. ఇది చదివి సంతకం పెట్టండి. కోట్ల సంగతి ఇక్కడితో వదిలేస్తాను."

అనారోగ్య కారణంగా తన ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నట్టు అందులో రాసి ఉంది. ఆమె ఇష్టాన్ని ఆమె రాకముందే ఎవరో టైపు చేసి పెట్టారు.

"మానేస్తే తగ్గుతుందని ఏ డాక్టరు చెప్పాడండీ?"

"అలా కాదమ్మా. విశ్రాంతిగా ఉంటారని."

"రేపు తెస్తాను" అని ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి దాన్ని అత్తగారికి చదివి వినిపించింది. ముసలామె మంచం మీద కాళ్ళు చాపుకుని రెండుసార్లు చదివించుకుంది.

"పెట్టేస్తే ఏమవుతుందే?"

"ఐదోచోట పని వెతుక్కోవాలి. అక్కడ కూడా బాగానే ఉన్నానని చెప్పాలి. పైగా ఈసారి, నాకు చేతకాక మానేశానని నేనే రాసిచ్చిన కాగితం నా వెనకాలే తిరుగుతుంది."

"పెట్టకపోతే?"

"గెంటేస్తారేమో."

అత్తగారు కాళ్ళు ముడుచుకుని లేచి కూర్చుంది. "గెంటితే గెంటనీ. గెంటినవాడి చెయ్యి నలుగురికీ కనబడుతుంది. నీ అంతట నువ్వు గడప దిగితే ఎవరికి కనబడుతుంది?" కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "రాయి. నేను చెప్పనా, నీకే వచ్చా?"

"నాకే వచ్చు అత్తయ్యా."

"వచ్చని తెలుసు. తప్పులుంటే మాత్రం నన్నడక్కు, నేను నాలుగో తరగతి."

మర్నాడు పొద్దున్నే ఆమె యజమాని గదికి వెళ్ళి, సంతకం లేని టైపు కాగితాన్ని బల్ల మీద పెట్టింది. దాని మీద తన చేత్తో రాసిన కాగితం పెట్టింది. యజమాని కళ్ళద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

వెల్వెట్ పొరలు తడిమి చూడకుండా కోసినందుకు తప్పు తనదని మొదటి వాక్యంలో ఉంది. ఆ తప్పు తన జబ్బు చేసింది కాదని రెండో వాక్యంలో ఉంది. గడియారం పట్టుకుని ఒక మనిషి తన పక్కన నిలబడి నిమిషాలు లెక్కపెట్టినందువల్ల తొందరపడ్డానని మూడో వాక్యంలో ఉంది. ఆ కింద జబ్బు పేరు, డాక్టరు రాసిచ్చిన చీటీ నకలు ఉన్నాయి. ఇకమీదట మరుగుదొడ్డికి టోకెన్ లేకుండా, అవసరమైనన్నిసార్లు వెళ్తాననీ, తను లేనప్పుడు తన బల్ల మీద ఎవరూ బట్ట పరచకూడదనీ చివర ఉంది.

"ఈ జబ్బు సంగతి చేరేటప్పుడు చెప్పలేదే" అన్నాడు యజమాని.

"మూడు చోట్ల చెప్పానండీ. మూడు చోట్లా పని లేదన్నారు. మీరైతే ఇచ్చేవారా?"

గడియారం కలగజేసుకున్నాడు.

"బాబాయి తప్పుగా పరిచాడని రాసిస్తే మీ మీదికి రాదు కదా. మధ్యలో నన్ను లాగుతారెందుకు?"

"కోసింది నేను సార్. తడిమి చూడాల్సింది కోసే మనిషి. పరిచినవాడి పేరు రాసిస్తే ఏం చేస్తారు? ఇంకో కాగితం టైపు చేయిస్తారా?"

యజమాని చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "అమ్మా, నేను మిమ్మల్ని తీసెయ్యాలని అనుకోలేదు. మర్యాదగా మానుకుంటే మీ పేరు బయట చెడదని..."

"మీకు నన్ను తీసెయ్యాలని ఉంటే తీసెయ్యండి. ఆ కాగితం అడుగున చోటు వదిలాను. పేగు జబ్బు ఉన్నందుకు తీసేశామని రాసి, మీ సంతకం పెట్టండి. తీసుకుని పోతాను. మానేశానని మాత్రం నేను రాయను."

అతను కలం మూత తీశాడు. కాగితం అడుగున ఉన్న ఖాళీని చూశాడు. అరచేయంత ఖాళీ అది. పేరున్న మనిషి, నలుగురిలో దయగలవాడని అనిపించుకున్నవాడు. ఆ ఒక్క వాక్యం తన చేతిరాతలో ఎలా ఉంటుందో అతనికి కళ్ళకు కట్టినట్టుంది. మూత మళ్ళీ పెట్టేశాడు.

"ఆ పద్నాలుగు కోట్లూ ఏం చెయ్యమంటారు?" అన్నాడు, మాట మార్చినవాడిలా.

"హోటల్లో రెండు అంతస్తుల్లో భోజనాల హాళ్ళున్నాయన్నారుగా. పైదానికి ఆ పద్నాలుగూ ఇమ్మనండి. రెండు రంగులూ ఒకే గదిలో పక్కపక్కన నిలబడకపోతే బాధ లేదు. అయితే ముందే చెప్పి పంపండి, దాచి పంపకండి. ఒప్పుకోకపోతే మళ్ళీ కోస్తాను."

"వాళ్ళతో మాట్లాడతాను. మీరు వెళ్ళి పని చూసుకోండి."

"మరి టోకెన్ సంగతి?"

"అది తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే నా పేగులకు తెలీదండీ. ఇవాళ్టి నుంచే."

యజమాని గడియారం వైపు చూశాడు. గడియారం మణికట్టు వైపు చూసుకున్నాడు. అక్కడ ఏ జవాబూ లేదు. ఎవరూ ఔనలేదు, కాదనలేదు. కాదనడానికి సంతకం కావాలని ఆ గదిలో ముగ్గురికీ అర్థమయింది. కాగితాన్ని యజమాని సొరుగులో పెట్టుకోవడం చూసి ఆమె బయటికి వచ్చింది.

ఆ పూట కొత్త తాను వచ్చింది. పరచడానికి వచ్చిన బాబాయికి కత్తెరమ్మ తన కాగితంలో ఏం రాసిందో చెప్పింది. ఆరు పొరలు పడ్డాక పిలుపొచ్చింది. కత్తెరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, తలుపు వైపు నడిచింది. మేకు దగ్గర ఆగలేదు. పుస్తకం దగ్గరా ఆగలేదు.

"టోకెన్" అన్నాడు గడియారం వెనక నుంచి.

ఆమె వినపడనట్టు నటించలేదు. వెనక్కి తిరిగి, అతని ముఖం చూసి, "అక్కర్లేదు సార్" అని చెప్పి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ఆరు పొరలే ఉన్నాయి. బాబాయి స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన పాదాన్ని అందరికీ కనబడేట్టు ఇంకో స్టూలు మీద పెట్టుకున్నాడు. బూటు పక్కన పడి ఉంది. గడియారం అతని ముందు నిలబడి ఉన్నాడు.

"పరచవయ్యా అంటే వినవేం?"

"ఆవిడ రానీండి. రాసిచ్చింది కదా, ఆవిడ లేకుండా పరచకూడదని. నాకు చదువు రాదు గానీ రాసిందంటే రాసిందే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి తలలు వంచుకున్నవాళ్ళు లేరు. కిటికీ దగ్గర గుండీలు లెక్కపెట్టే మనిషి లేచి, మేకు వైపు చూడకుండా, తాపీగా తలుపు దాటి వెళ్ళింది.

"పదిహేడు నిమిషాలు" అన్నాడు గడియారం కత్తెరమ్మతో. గొంతులో పదును తగ్గింది గానీ అంకె మానుకోలేకపోయాడు.

"రేపు ఇంకా ఎక్కువ పట్టొచ్చు సార్" అని ఆమె చేతులు తుడుచుకుంది. "లే బాబాయ్. తానును ఒక్కడివే మొయ్యకు. ఆ కొస నువ్వు పట్టుకో, ఈ కొస నేను పట్టుకుంటా."