చల్లారే రెండు నిమిషాలు

దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే స్పానరు ముట్టని మనిషి ఆ మెకానిక్కు. బుధవారం పొద్దున కూడా దణ్ణం పెట్టుకునే బావమరిది కారు కిందికి దూరాడు. దూరినవాడు చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

కారు పాతదే. రెండు తలుపులది, ఇరవై ఎనిమిదేళ్లది. ఇంజను పక్కన నత్తగుల్లలాంటి టర్బో ఉంటుంది. పొగ విసురుకి గిర్రున తిరుగుతూ ఇంజన్లోకి గాలి కుక్కడం దాని పని. మామూలు మనుషుల్ని సొంత కార్లతో రేసు ట్రాకు మీదికి రానిచ్చే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల కోసం బావా బావమరుదులిద్దరూ ఏడాదిపాటు సెలవులన్నీ ఈ షెడ్డుకే ధారపోశారు. వెనక సీట్లు పీకేశారు. బ్రేకులు మార్చారు. టర్బోకి ఆయిలు తీసుకెళ్లే పాత గొట్టం వేడికి ఆగదేమోనని, ఉక్కు తీగల అల్లిక ఉన్న కొత్తది వేశారు. బిగించింది బావే.

తీరా ట్రాకు ఎక్కిన మొదటి రోజే, రెండో విడతలో, కారు వెనక నీలంరంగు పొగ. టర్బో పోయింది.

"చల్లారనిచ్చావా?" అన్నాడు బావ అక్కడికక్కడే. "బండిని అంత ఉరికించాక రెండు నిమిషాలు ఇంజన్ని ఊరికే తిరగనిచ్చి ఆపమని, లేకపోతే టర్బో మాడుతుందని ఎన్నిసార్లు చెప్పాను?"

బావమరిది తల దించుకున్నాడు. మొదటి విడత అవగానే, దాహమేసి, వెంటనే తాళం తిప్పేసిన మాట నిజమే.

ఇంకేముంది, ఇంట్లో అందరి నోటా అదే పాట. "మా తమ్ముడు టీనే చల్లారనివ్వడు, టర్బోని చల్లారనిస్తాడా?" అంది సొంత అక్క. అతనూ నవ్వాడు. నవ్వి, మర్నాడే కారు వెనకద్దానికి 'అమ్మబడును' అని కాగితం అంటించాడు.

"మంచి వస్తువు నిలిచే చేతులు కావు బావా నావి. బాగుచేసి పెట్టు, ఎవరికైనా ఇచ్చేస్తా."

ఆదివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు కూడా.

బుధవారం బావ విప్పింది ఆ గొట్టాన్నే. టర్బో వైపు మూతిలో, ఎర్రగా గట్టిపడ్డ గాస్కెట్ పేస్టు ముక్క, నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, అడ్డం పడి ఉంది. వేడికి ఊడి అక్కడ ఇరుక్కుంది. ఇక ఆయిలు పోయేదెలా? కారుతుందేమోనని ఇంకాస్త పేస్టు పూసిన వేలు ఎవరిదో అతనికి బాగా గుర్తుంది.

దణ్ణం పెట్టుకునేగా బిగించాను, అప్పుడే ఎందుకు చూపించలేదు స్వామీ, అనుకున్నాడు. ఇప్పుడు చూపించాడుగా, మరి నేనేం చేస్తున్నాను, అని కూడా తోచింది. ముక్కని అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు చెప్పలేదు. గురువారం, శుక్రవారం కూడా చెప్పలేదు. చెయ్యి పడితే తిరుగులేదని ముప్పై ఏళ్లుగా అనిపించుకుంటున్నవాడికి నోరు పెగల్లేదు.

శనివారం సాయంత్రం, కొత్త టర్బో బిగించాక, ఇద్దరూ ఊరి బయటిదాకా ఉరికించి షెడ్డుకి తిరిగొచ్చారు. బావమరిది తాళం ముట్టుకోలేదు. బడిపిల్లాడిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"లెక్కపెడుతున్నా బావా. ఈసారి నీ చేత తిట్టించుకోను."

ఆ మాటకి బావ ప్రాణం చివుక్కుమంది. అగ్గిపెట్టె తీసి అతని అరచేతిలో వంచాడు.

"ఏంటిది?"

"పేస్టు ముక్క. ఆయిలు గొట్టంలో అడ్డం పడింది. టర్బో పోయింది దీనివల్ల, నీవల్ల కాదు. పూసింది నేను."

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"ఇవాళ శనివారం."

"అవును."

బావమరిది ఆ ముక్కని వేలితో అటూ ఇటూ దొర్లించాడు. ఇంజను తన పాటికి తాను తిరుగుతోంది. తిడితే బాగుండును, అనుకున్నాడు బావ. తిట్లకైతే బదులు చెప్పొచ్చు.

"మూడు రోజులు అగ్గిపెట్టెలో పెట్టుకు తిరిగావా?" అన్నాడు చివరికి. "కాలలేదూ?"

"కాలింది."

రెండు నిమిషాలూ అయ్యాయి. బావమరిది తాళం తిప్పాడు.

"దిగి ఆ కాగితం గోకెయ్యి బావా. నీ గోటితోనే."

బావ దిగి, మోకాళ్ల మీద కూర్చుని గోకడం మొదలుపెట్టాడు. జిగురు గట్టిగా పట్టింది, ఓ పట్టాన రాలేదు.

"మీ అక్కకి కూడా నేనే చెప్తాలే," అన్నాడు తలెత్తకుండా.

"టీ తాగాక చెప్పు. ముందే చెబితే ఇవ్వదు."