వేట నిషేధంలో కోడిగుడ్డు

చెంప మీద పడ్డ దెబ్బకి సత్యదుర్గ నోట్లోని గుడ్డు సగం ఇసకలో పడింది. మిగతా సగాన్ని ఆ పిల్ల ఉమ్మెయ్యలేదు. మొగుడి కళ్లలోకి చూస్తూనే నమిలింది.

“మేం గంజి తాగుతుంటే దొంగతిండి తింటావా?” అంటూ నూకయ్య జుట్టు పట్టుకుని గుంజాడు. కోడలి మీద చాడీ చెప్పిన అత్త రాజ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది.

సముద్రం మీద రెండు నెలల వేట నిషేధం. బోటు ఒడ్డున, మగాడు ఇంట్లో, కుండ ఖాళీ. ఆ నెలల్లో కోడి పెట్టిన గుడ్డు మగవాళ్లకేనని ఆ ఇంట్లో రివాజు. ఏం రివాజో, దాని మొహం మండ! మగాళ్లు ఇంటిపట్టున ఉండేది అప్పుడే గనక, పిల్లలు కడుపున పడేదీ ఆ నెలల్లోనే. దుర్గ తొలిచూలు బిడ్డ అలాగే ఆకలి రోజుల్లో కడుపున పడింది. పిడికెడంత పుట్టి, పాలు పీల్చే ఓపిక లేక చచ్చిపోయింది.

“నర్సు శాంతిగారు చెప్పేరు మావా! కడుపు నిలిచే రోజుల్లో తల్లి తిన్న తిండి బిడ్డ ఒంట్లో గుర్తేస్తదంట. అమ్మానాన్నల్నించి వచ్చే జీన్స్ మారవంట గానీ, వాటిలో ఏది పనిచెయ్యాలో ఏది ఊరుకోవాలో మారొచ్చంట. అంగన్‌వాడీ గుడ్డు కడుపొచ్చాకే కదా ఇచ్చేది! ఈసారి నా బిడ్డ ఆకలి మీద పడకూడదు.”

“గుర్తా? నేనేత్తాను!” డొక్కలో తన్నాడు. దుర్గ ఆ కాలే పట్టుకుని రక్తం వచ్చేదాకా కొరికింది. నూకయ్య కేక పెట్టి, చూరుకి ఆనించిన బోటు తెడ్డు అందుకున్నాడు.

తెడ్డు దిగింది. పటుక్కుమని ఎముక విరిగింది. విరిగింది దుర్గది కాదు, అడ్డమొచ్చిన రాజ్యం ముంజేయి.

“అమ్మా!” నూకయ్య చేతిలోంచి తెడ్డు జారిపోయింది.

రాజ్యం వేలాడుతున్న చెయ్యి పట్టుకుని కూలబడింది. “దాన్ని తిననివ్వరా! తుఫానొచ్చిన ఏడాది నువ్వు నా కడుపున పడ్డప్పుడు ఇంట్లో గంజి కూడా లేదు. ముప్పై నిండకుండానే నీకు సుగరొచ్చింది. ఆ ఆకలేనేమోరా, నాకేం తెలుసు? నాకెవరూ ఒక్క గుడ్డు పెట్టలేదురా నాయనా.”

రాజ్యం ఇసకలో పడ్డ గుడ్డుముక్కని మంచి చేత్తో ఏరి, కొంగుకి తుడిచి, కోడలి నోటికందించింది. దుర్గ ఏడుస్తూ నమిలింది.