రెండు సెంట్ల మీద వాదన

చంద్రికకు ఎవరినైనా కాదనడం చేతకాదు. మన వైపు దీన్ని మర్యాద అంటారు. హానోవర్‌లో జర్మన్ పరీక్ష పెట్టేవాళ్ళు మాత్రం దీనికి మార్కులు కోస్తారు. మొదటిసారి బీ-టూ అనే ఆ పరీక్ష రాసినప్పుడు మిగతావన్నీ గట్టెక్కాయి గానీ, ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదించుకోమనే భాగంలో బోల్తా పడింది. జతగా వచ్చిన సిరియా డెంటిస్టు ఊళ్ళో సైకిళ్ళు పెరగాలంటే తనూ పెరగాలంది. అతనే కాసేపటికి మాట మార్చి సైకిళ్ళతో ప్రమాదమంటే తనూ ప్రమాదమే అంది. "మీకంటూ ఒక అభిప్రాయం లేదా?" అని పరీక్షకురాలు అడిగింది. అందుకూ ఈ పిల్ల నవ్వి తలూపి వచ్చింది!

ఏలూరులో ఆరేళ్ళు నర్సుగా చేసిన మనిషి, ఇక్కడ వృద్ధాశ్రమంలో హెల్పర్. బీ-టూ చేతికొస్తేనే నర్సు లైసెన్సు. జూన్ ఆఖరులోగా రాకపోతే కాంట్రాక్టు అయిపోతుంది, ఇంటిదారి పట్టాలి. నానా తంటాలు పడితే రెండోసారి రాయడానికి తేదీ దొరికింది. తీరా వెళ్ళి తలుపు మీద అంటించిన జాబితా చూస్తే, ఈసారి తన జత ఆదిలక్ష్మి మేడం.

జత ఎవరో పరాయివారైనా బాగుండేది. ఏలూరు నర్సింగ్ కాలేజీలో చంద్రికకు పాఠం చెప్పింది ఆవిడే. ఇరవై ఏళ్ళు చెప్పారు. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తేనే క్లాసంతా లేచి నిలబడేది. కాలేజీ మూతపడ్డాక, నలభై నాలుగేళ్ళ వయసులో, అదే ఏజెన్సీ ద్వారా ఆవిడా వచ్చి అదే ఆశ్రమంలో పై అంతస్తులో హెల్పర్‌గా చేరారు. ఇద్దరూ ఒకే రకం నీలం చొక్కా వేసుకుంటారు, ఒకే రకం డైపర్లు మారుస్తారు. అయినా లిఫ్టులో ఎదురైతే చంద్రిక ఇప్పటికీ గోడకు అతుక్కుపోతుంది.

"ఏమ్మా, నాకు నువ్వే పడ్డావా?" అన్నారు మేడం. "మంచిదేలే. కంగారు పడకు. నేను మొదలుపెడతాను, నువ్వు అందుకో."

"అలాగే మేడం," అంది చంద్రిక. ఇంకేమంటుంది?

లోపలికి పిలిచే ముందు ఒక కాగితం ఇచ్చి, చదువుకోవడానికి ఇరవై నిమిషాలు టైమిచ్చారు. యూరో చిల్లరలో ఒక సెంటు, రెండు సెంట్ల నాణేలు రద్దు చేయాలా వద్దా అన్నది విషయం. ఎవరికీ అక్కర్లేదు, ఇళ్ళల్లో సీసాల నిండా పడి ఉంటాయి, తయారు చేసే ఖర్చు వాటి విలువను మించిపోతుంది. పక్కన నెదర్లాండ్స్‌లో బిల్లు మొత్తాన్ని దగ్గరి ఐదు సెంట్లకు సర్దేస్తున్నారు. అంతా సబబుగానే తోచింది చంద్రికకు. కాగితం ఏం చెప్పినా సబబుగానే తోచే రకం మరి.

లోపల ఇద్దరు పరీక్షకులు. మేడం నిటారుగా కూర్చుని, బోర్డు ముందు నిలబడ్డట్టే మొదలుపెట్టారు. మొదటి కారణం, రెండో కారణం, మూడో కారణం. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. చంద్రిక మెడ అప్పుడే అవునన్నట్టు కదలడం మొదలైంది.

"నాలుగో కారణం," అన్నారు మేడం జర్మన్‌లో. "మా ఆశ్రమానికి ప్రతి గురువారం చాక్లెట్లు, సబ్బులు అమ్మే బండి వస్తుంది. ముసలివాళ్ళు ఈ చిల్లర వెతుక్కుంటూ ఒక్కొక్కరు పది నిమిషాలు తినేస్తారు. వెనక మా పని ఆగిపోతుంది. పర్సు మేము తీసుకుని డబ్బు ఇచ్చేస్తే అర నిమిషం. ఈ నాణేలు పోతే వాళ్ళకూ మంచిదే, మాకూ మంచిదే."

చంద్రిక మెడ ఆగిపోయింది.

తన అంతస్తులో ఫ్రావ్ విల్కె అనే ముసలమ్మ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు దాదాపు పోయింది. గురువారం పొద్దున్నించే పర్సు ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ఆ పర్సులోంచి తను చిల్లర తీసివ్వబోయిన రోజున చంద్రిక చెయ్యి మీద ఆవిడ చిన్న దెబ్బ వేసింది. ఆ దెబ్బ గుర్తొచ్చేసరికి మేడం మాటకు ఒళ్ళు మండింది.

"నైన్, మేడం," అంటూ కాదనేసింది.

అన్నది తనేనని ఒక క్షణం దాకా తెలియలేదు. నోరు ఆగలేదు. "రెండు సెంట్ల నాణెం అంచు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. ఒక సెంటుకు ఉండదు. మా ఫ్రావ్ విల్కె గోరుతో తడిమి ఏది ఏదో చెబుతుంది. ఆవిడకు స్నానం మేమే చేయిస్తాం. అన్నం మేమే తినిపిస్తాం. ఒంటికి వెళ్ళాలన్నా మేమే తీసుకెళ్ళాలి. వారం మొత్తం మీద మా చెయ్యి పడకుండా ఆవిడ చేసుకునే పని అదొక్కటే. పది నిమిషాలు పడితే పట్టనీ! అది మాకు ఆలస్యం, మేడం, ఆవిడకు కాదు. మన తొందర కోసం నాణేలు తీసేస్తామంటే నేనొప్పుకోను."

క్రియాపదాలు రెండు చోట్ల అటూఇటూ అయ్యాయి. పరీక్షకులు పట్టించుకోలేదు. "మీరేమంటారు?" అన్నట్టు మేడం వైపు తిరిగారు.

మేడం చంద్రికనే చూస్తున్నారు. కోపంగా కాదు. క్లాసులో అందరూ లేచాక ఒక్కరు కూర్చునే ఉంటే ఎలా చూస్తారో అలా. "యా..." అన్నారు. పరీక్షకురాలు ప్రశ్నను ఇంకోలా మార్చి అడిగింది. మేడం మళ్ళీ మొదటి కారణం దగ్గరికి వెళ్ళి, మధ్యలో ఆగిపోయారు. టైము అయిపోయింది.

ఇద్దరూ ట్రామ్ స్టాపుకు నడిచారు. చంద్రిక క్షమాపణ మూడుసార్లు గొంతుదాకా తెచ్చుకుని మింగేసింది. అన్న మాటలో తప్పేమీ కనబడలేదు, అయినా ఏదో పగలగొట్టి వచ్చినట్టు ఉంది.

ఐదు వారాలకు ఉత్తరాలు వచ్చాయి. చంద్రిక పాస్. సంతోషంతో అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది కూడా. ఆపై మేడం సంగతి తెలిసింది. రాతలో మంచి మార్కులు, మాట్లాడటంలో ఫెయిల్. సాయంత్రం డ్యూటీ దిగి మేడం గదికి వెళ్ళింది.

తలుపు తీసిన మేడం, "పాసయ్యావటగా," అన్నారు. "లోపలికి రా. టీ పెడతాను."

"మేడం, నా వల్లే..."

"నోర్ముయ్. నీ వల్ల ఎందుకవుతుంది? నాకు జవాబు రాలేదు, అంతే." గిన్నె స్టవ్ మీద పెట్టి, అటు తిరిగే మాట్లాడారు. "ఐదు వారాలుగా అదే ఆలోచిస్తున్నా. జర్మన్ రాక కాదమ్మా. తెలుగులో అడిగినా వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను. ఒక్క పిల్లయినా లేచి, 'అది కాదు మేడం' అనలేదు. ఎదురు మాటకు బదులు చెప్పాల్సిన అవసరమే పడలేదు నాకు. మీరంతా నేను చెప్పింది ఒప్పుకున్నారనే అనుకున్నాను."

చంద్రిక పాలప్యాకెట్ పట్టుకుని నిలబడింది. అవును మేడం అనడానికి ఒక్క క్షణం చాలు. నాలుక మీద అదే ఉంది.

"ఒప్పుకోలేదు మేడం," అంది. "మీరంటే భయపడేవాళ్ళం."

టీ పొంగబోతే మేడం మంట తగ్గించారు. తర్వాత టేబుల్ దగ్గరికొచ్చి, ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి చంద్రిక వైపు జరిపి, ఎదురుగా తను కూర్చున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"కూర్చో," అన్నారు. "భయమెందుకో చెప్పు. జర్మన్‌లో చెప్పు. నేను బదులు చెప్పాలి."